పాత బిల్డింగ్‌లో డయాగ్నొస్టిక్ సెంటర్: 600 మి.మీ. ఎత్తుకు ర్యాంప్ ఎలా?

అద్దె_ల్యాబ్:
హైదరాబాద్‌లో ఒక పాత బిల్డింగ్‌లో గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్లు లీజుకు తీసుకుని డయాగ్నొస్టిక్ సెంటర్ పెట్టబోతున్నాం. రోడ్డు వైపు ముఖం 12 మీటర్లు, ముందు ఖాళీ 3 మీటర్లు, వాకిలి సరిగ్గా మధ్యలో. లోపలి ఫ్లోరు బయటి చప్టా కంటే 600 మి.మీ. ఎత్తు, నాలుగు మెట్లు. ఆరడుగుల ఇనప ర్యాంప్ చాలంటాడు మేస్త్రీ. లేదంటే ముందు గది ఫ్లోరు తవ్వి దించేద్దామంటాడు. బాత్రూమ్ 5×7 అడుగులు. లిఫ్ట్ ఆరుగురిది, స్కానింగ్ పైన పెడదామని ఆలోచన. పాత బిల్డింగ్, పైగా ప్రైవేటు కాబట్టి వికలాంగుల రూల్స్ మనకు రావని ఓనర్ మాట. లీజు మీద సంతకాలు ఇంకా కాలేదు.

లెవెల్‌పైపు:
సంతకం కాకపోవడం మీ అదృష్టం అండీ. ఆ 600 మి.మీ. మీదే మిగతా లెక్కంతా ఆధారపడుతుంది.

ఆరడుగులంటే 1830 మి.మీ. అంత పొడవులో 600 ఎక్కాలంటే వాలు దాదాపు 1:3. దాని మీద వీల్‌చైర్ తోసేవాళ్లకే కాళ్లు నిలవవు, ఇక సొంతంగా ఎక్కడం మాట వదిలేయండి. గరిష్ఠ వాలు 1:12, అంటే 7200 మి.మీ. నడక. మధ్యలో ఆగడానికి 1500 చదును చోటు, అంటే ల్యాండింగ్ ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. మొత్తం 11,700. మీ ముఖం 12,000 కాబట్టి గోడ వెంబడి తిన్నగా పడుతుంది, కానీ వాకిలి ఒక చివరికి జరగాలి, గేటు రెండో చివర ఉండాలి. వాకిలి మధ్యలోనే ఉంచి ర్యాంప్‌ను మడత పెడదామంటే, వెడల్పు 1200 చొప్పున రెండు వరసలు వేసినా, నడుమ రెయిలింగ్ గోడ కలిపి 2550 దాకా పోతుంది. మనుషులు నడవడానికి అరమీటరు కూడా మిగలదు. తిన్నగా వేస్తే వెడల్పు 1500 ఇచ్చుకోవచ్చు, ఆ పైన 1500 దారీ మిగులుతుంది. స్కూటర్ల పార్కింగ్ మాత్రం పోతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి. ర్యాంప్ కొసను ఫుట్‌పాత్ మీదికి దింపొద్దు.

ఫ్లోరు తవ్వే ఆలోచన వదిలేయండి. లోపల మట్టి నింపుడే కాబట్టి తవ్వడం తేలికే, కానీ వాకిలి కింద ప్లింత్ బీమ్ (గోడల్ని మోసే కాంక్రీటు దూలం) అడ్డంగా ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా దాని మీద సుత్తి పడకూడదు.

పనిలో తేడా కొట్టేది సాధారణంగా మూడు చోట్ల. మేస్త్రీ కంటి అంచనాతో వాలు తీస్తాడు, పై రెండు మీటర్లు నిటారుగా వస్తాయి. లెవెల్ పైపు (మట్టం చూసే నీళ్ల గొట్టం) పట్టి ప్రతి 1200కి 100 మి.మీ. గోడ మీద సున్నంతో గీత గీయించండి. పాలిష్ గ్రానైట్ వేస్తే తొలి వానకే జారుతుంది, గరుకు తాండూరు బండో, మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ గ్రానైటో వేయండి. మూడోది, ల్యాండింగ్‌కు నీళ్లు పోయే వాలు ఇవ్వాలి కదా అని మరీ వంచేస్తారు, అక్కడ వీల్‌చైర్ ఆగదు.

రెయిలింగ్ రెండు వైపులా, 760, 900 ఎత్తుల్లో రెండేసి పైపులు. పైపు మందం 38 నుంచి 45 మి.మీ., గోడకు 50 ఖాళీ, రెండు కొసల్లో 300 ముందుకు. గేటు స్లైడింగ్ అయితే దాని ఇనప పట్టాను నేలలో కలిపేయండి. చిన్న చక్రాలు తగులుకునేది అక్కడే.

సెక్షన్_44:
ఓనర్ గారి మాట నిజం కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 2(డబ్ల్యూ)లో ‘పబ్లిక్ బిల్డింగ్’ అంటే జనం వాడే ప్రభుత్వ, ప్రైవేటు భవనాలు రెండూ. వైద్య సేవలు అందులో పేరుతో సహా ఉన్నాయి. ఈ చట్టం కింద నిబంధనలు 2017 జూన్ 15న వచ్చాయి. సెక్షన్ 45 ప్రకారం పాత భవనాలకు ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022తోనే తీరింది. కొత్తవాటికి సెక్షన్ 44 ఉంది: ప్రమాణాలు పాటించకపోతే అనుమతీ లేదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టూ లేదు. సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుంచి 5 లక్షలు.

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలను ఒట్టి సలహాలుగా వదిలేసిన, ఆ 2017 నిబంధనల్లోని 15(1) చట్టానికి విరుద్ధమని తేల్చింది, తప్పనిసరిగా పాటించాల్సినవి విడదీసి రాయమంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. కొలతల కోసం కేంద్రం 2021లో ఇచ్చిన హార్మోనైజ్డ్ గైడ్‌లైన్స్ (వికలాంగులకు వీలుగా కట్టే కొలతల మార్గదర్శకాలు) మీ ఆర్కిటెక్ట్ చేతిలో పెట్టండి. 2016 ప్రతి చూసి గీసే డ్రాయింగులు ఇంకా తిరుగుతున్నాయి.

గ్రాబ్‌బార్:
బాత్రూమ్ సరిపోదు. లోపలి కొలత 2200×2000 కావాలి, మీది దాదాపు 1525×2135. పక్క గోడ నాలుగున్నర అంగుళాల అడ్డుగోడే అయితే జరపొచ్చు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా స్లైడింగ్. తెరిచాక స్పష్టంగా 900 ఖాళీ ఉండాలి, అంటే చౌకట్ అంతకంటే పెద్దది. గడప 12 మి.మీ. దాటొద్దు. నీళ్లు ఆగుతాయని ప్లంబర్ రెండంగుళాల గడప కట్టేస్తాడు, ముందే చెప్పి పెట్టండి.

కమోడ్ సీటు ఎత్తు 450–480, కమోడ్ మధ్యరేఖ పక్క గోడకు అంతే దూరం. మామూలు కమోడ్ ఆ ఎత్తు రాదు. గోడకు బిగించేదైతే కావలసిన ఎత్తులో పెట్టుకోవచ్చు. గోడ వైపు ఎల్ ఆకారం కడ్డీ, వీల్‌చైర్ దిగే వైపు పైకి మడిచేది. కడ్డీల పేరుతో టవల్ రాడ్లు బిగించి చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది. మనిషి పూర్తి బరువు వేస్తే టైలుతో సహా ఊడి వస్తాయి. తేలికపాటి బ్లాకుల గోడైతే వెనక ఇనప ప్లేటు పెట్టి అవతలికి బోల్టు వేయాలి. అలారం తాడు నేల దాకా వేలాడాలి, పడిపోయినవాళ్లకు అందాలి కదా.

స్కానింగ్ కిందకే తెచ్చేయండి. ఆరుగురి లిఫ్ట్ తలుపు చాలావాటిలో 700, చేతులతో చక్రం తిప్పుకునేవాళ్లకు 750 పైనే కావాలి. లిఫ్ట్ మార్చే ఖర్చుతో పోలిస్తే గది మార్పు ఖర్చు ఏపాటిది. పైన ఆఫీసు, స్టోరు పెట్టుకోండి.

అద్దె_ల్యాబ్:
వాకిలి జరపడానికి ఓనర్ ఒప్పుకోకపోతే? వీల్‌చైర్‌తో సహా మనిషిని పైకెత్తే ప్లాట్‌ఫామ్ లిఫ్ట్ సరిపోతుందా?

లెవెల్‌పైపు:
ఈ ఎత్తుకు పనికొస్తుంది. కాకపోతే కరెంటు పోతే మనిషి పైన ఇరుక్కుంటాడు, బ్యాటరీ బ్యాకప్ తప్పదు. వానకు పైన కప్పు, ఏడాదికేడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు కావాలి. తాళం సెక్యూరిటీ దగ్గర పెట్టించొద్దు. లీజులో రెండు వాక్యాలు రాయించండి: ర్యాంప్, వాకిలి మార్పులకు ఓనర్ సమ్మతి, ఖాళీ చేసేటప్పుడు వాటిని తీసేయాల్సిన పని లేదని. రెండో వాక్యం లేకపోతే అడ్వాన్సులో కోత పడుతుంది.