అప్‌డేట్: కొలోన్ వంతెన ఫొటోకు కోణం దొరికింది

జర్మనీలోని కొలోన్‌లో, రైన్ నది మీద 1945లో కూలిన హోహెన్‌జోలర్న్ వంతెన, వెనక కెథడ్రల్ ఉన్న ఫొటోను ఇప్పటి దృశ్యంతో కలపాలంటే ఎక్కడ నిలబడాలని అడిగాను కదా, తేలింది. వంతెన కమానులను గుర్తుగా పెట్టుకోకూడదు: యుద్ధం తర్వాత తిరిగి కట్టినవి, పైగా 1980ల్లో ఇంకో వరస చేర్చారు. కెథడ్రల్‌నే నమ్మాలి. డాయిట్జ్ గట్టు (కెథడ్రల్‌కు ఎదురుగా, నదికి తూర్పు ఒడ్డు) నుంచి చూస్తే పడమటి జంట గోపురాలకు ముందు, కప్పు మధ్యలో సన్నటి శిఖరం ఉంటుంది. పాత ఫొటోలోకన్నా అది ఎడమకు జరిగి కనిపిస్తే మనమూ ఎడమకు జరగాలి. గోపురాలతో పోలిస్తే మరీ ఎత్తుగా కనిపిస్తే వెనక్కి వెళ్లాలి. జూమ్‌తో దీన్ని సరిచేయలేం, అది ఫ్రేమును మాత్రమే మారుస్తుంది. కెమెరా పైకెత్తితే గోపురాలు లోపలికి వాలతాయి; మట్టంగా పట్టి తర్వాత క్రాప్ చేయాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం: డాయిట్జ్ వైపు 1945 ఏప్రిల్ దాకా జర్మన్ల చేతిలోనే ఉంది. ఆ గట్టు మీద అమెరికన్లు తీసిన ఫొటో కింద మార్చి అని ఉంటే నమ్మొద్దు.