తూము రాయి మీది నుంచి రోజూ ఒకే ఫోటో తీస్తున్నా, పొద్దే ఫ్రేములోంచి జారిపోతోంది

తూమురాయి

అందరికీ నమస్తే. మాది నల్లగొండ దగ్గర చిన్న ఊరు. రెండు బర్రెలున్నాయి. సాయంత్రం కేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాను బండికి తగిలించుకుని చెరువు కట్ట మీదుగా ఇంటికొస్తాను. కట్టకు తూర్పున ఊరు, పడమర నీళ్లు, నీళ్ల అవతల గుట్ట. తూము దగ్గర ఒక నున్నటి రాయి ఉంది. మృగశిర కార్తె మొదలైన రోజు దాని మీద నిలబడి ఊరికే ఒక ఫోటో తీశాను. అప్పటికి చెరువులో నీళ్లు బర్రె మోకాలి లోతు కూడా లేవు. ఒండ్రు పలకలు పలకలుగా పగిలి ఉంది. పొద్దు గుట్టకు కుడిపక్క, తాటిచెట్ల సందున దిగుతోంది. ఫోటో నాకే ముచ్చటేసింది. రోజూ ఇక్కడి నుంచే తీద్దామని పట్టుకున్నాను.

సెప్టెంబరులో చెరువు నిండి మత్తడి దుంకిన సాయంత్రం తీసింది ఇప్పటికీ తెరిచి చూసుకుంటాను. రోజంతా ముసురు. పొద్దు గూకే ముందు మబ్బుకూ గుట్టకూ మధ్య బెత్తెడు సందు పడింది. అందులోంచి వెలుగు రెండు నిమిషాలు వచ్చిందో లేదో. గుట్ట నుంచి నా కాళ్ల కింది తూము దాకా, చింతపండుతో తోమిన రాగిబిందెలాగా ఒకటే గీత. ఆ గీతను అడ్డంగా కోసుకుంటూ ఒక నీటికాకి పోయింది. అది ఫోటోలో పడలేదు, నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు కష్టం ఏమిటంటే, తాటిచెట్ల దగ్గరుండాల్సిన పొద్దు బతుకమ్మ పండుగ నాటికి గుట్ట వెనక్కి వచ్చింది. ఇప్పుడు గుట్ట దాటి ఎడమపక్క కంపచెట్ల దిక్కు పోయింది, ఫ్రేములోనే లేదు. పైగా నేను వచ్చేది ఆరుంబావుకు. జూన్‌లో ఆ టైముకు వచ్చి అరగంట కూర్చుంటే గానీ పొద్దు గూకేది కాదు. ఇప్పుడు వచ్చేసరికి చీకటి. ఫోనేమో నైట్ మోడ్ పెట్టి ఆ చీకటిని పట్టపగలు చేస్తోంది. రాయి మార్చి పొద్దు వెంట పోవాలా? లేక ఉన్నచోటే ఉండాలా? ఆరు నెలల ఫోటోలు, సగంలో చెడగొట్టుకోవద్దని అడుగుతున్నా. మా బావమరిదేమో "రోజూ అదే చెరువేంది బావా" అని నా స్టేటస్ మ్యూట్ చేసిండు.

పాలమూరు స్టూడియో

తమ్మీ, రాయి కదలొద్దు. ఫోను తిప్పు. స్టేటస్ కోసం నిలువుగా తీస్తున్నావని ఎవరైనా చెప్తారు.

లెక్క చెప్తా. మన జిల్లాల్లో జూన్ 21న పొద్దు అసలు పడమరకు కుడివైపు సుమారు 25 డిగ్రీలు జరిగి గూకుతుంది. డిసెంబరు 21న ఎడమవైపు అంతే. మొత్తం 50 డిగ్రీలు. ఫోనులో మామూలు లెన్సు, అంటే వన్ ఎక్స్, అడ్డంగా పట్టుకుంటే సుమారు 65 డిగ్రీలు చూస్తుంది. అసలు పడమరను ఫ్రేము నడుమ పెట్టుకుంటే ఏడాది పొడుగునా పొద్దు ఎక్కడ గూకినా అందులోనే పడుతుంది. నీ గుట్ట సరిగ్గా పడమరే ఉన్నట్టుంది, దసరా ముందర పొద్దు దాని వెనక్కి వచ్చిందన్నావు కదా.

నమ్మకపోతే చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూడు. పిడికిలి అడ్డం దాదాపు 10 డిగ్రీలు. గుట్ట నుంచి అటు రెండున్నర పిడికిళ్లు, ఇటు రెండున్నర. పెళ్లి మండపంలో లైట్లు ఎక్కడ పెట్టాలో నేను ఇప్పటికీ పిడికిలితోనే చూస్తా, కుర్రాళ్లు నవ్వుతారు.

నైట్ మోడ్ ఆపెయ్. పొద్దు పక్కన, అంటే పొద్దు మీద కాదు, ఆకాశం మీద వేలు పెట్టి కాసేపు ఒత్తిపట్టు, వెలుగు లాక్ అవుతుంది. ఆ తర్వాత వేలు కొంచెం కిందికి జరిపి వెలుగు తగ్గించు. గుట్ట నల్లగా అయితే అవనీ, ఫరవాలేదు. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటో రంగుల సర్దుబాటు, 5500 దగ్గర పెట్టి మళ్లీ ముట్టుకోకు. ఆటోలో వదిలేస్తే ఫోను ఎరుపును తప్పనుకుని కడిగేస్తుంది. జూన్ ఎరుపుకూ నవంబరు ఎరుపుకూ తేడా ఉండదు ఇక.

టైము మాత్రం మార్చుకోవాలి. ఇప్పుడు పొద్దు గూకేది ఐదూ నలభైకి. పాలు పోయక ముందే కట్ట మీదికి రా.

మిర్యాలగూడ టీచరమ్మ

అన్నా, స్టూడియో అన్న చెప్పిన అడ్డం సంగతి నిజమే. టైము సంగతి మాత్రం నేను ఒప్పుకోను. మీరు పాలు పోసి వచ్చే ఆరుంబావే ఈ ఫోటోలకు అందం. జూన్‌లో ఆ టైముకు ఎండ, నవంబరులో చీకటి. అది తప్పెట్లా అవుతుంది? ఐదూ నలభైకి వచ్చి తీస్తే అందరి ఫోటోల్లాగే అన్నీ ఎర్రటి పొద్దులే మిగులుతాయి. నైట్ మోడ్ ఆపి చీకటిని చీకటిగానే తీయండి. ఊరి దీపం ఒకటి నీళ్లలో పడినా చాలు.

నేను ఆదివారాలు పానగల్లు పోతుంటాను, ఉదయసముద్రానికి. కందూరు చోడ రాజుల కాలం నాటి చెరువు. ఇప్పుడు సాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాలువలో తెచ్చి నింపుతున్నారు. అక్కడ వెలుగు మారుతుంది గానీ నీటి మట్టం మీ చెరువులో మారినంతగా మారదు. మీ ఒండ్రు పగుళ్ల ఫోటో అక్కడ నాకు దొరకదు. (దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది. పొద్దు వెంట పడి అలసిపోయినప్పుడు వెళ్లి చూడండి.)

శిఖం భూమి

అందరూ సాయంత్రమే అంటున్నరు. చలికాలం పొద్దున నీళ్ల మీద పొగమంచు లేస్తది, నీళ్లు వెచ్చగ గాలి చల్లగ ఉంటది కాబట్టి. అది కట్ట మీంచి తీస్తే తెల్లటి గుడ్డ కప్పినట్టు చప్పగ వస్తది, పొద్దు మన వీపు వెనక ఉంటది గద. అవతలి ఒడ్డుకు, శిఖం దిక్కు, అంటే చెరువు లోపలి నేల దిక్కు పో. పొద్దుకు ఎదురుగ తియ్యి. మంచు వెలుగుతది, తెప్ప మీద వల లాగేటోడు నల్లగ కనిపిస్తడు. తుమ్మముళ్లు జాగ్రత్త, చెప్పులు కాదు, బూట్లు ఏసుకో.

తూమురాయి

అన్నకు, అక్కకు, శిఖం తమ్మునికి థ్యాంక్స్. ఇద్దరి మాటా విన్నాను. నిన్న మా అబ్బాయిని పాలకు పంపి ఐదున్నరకే రాయి ఎక్కాను. ఫోను అడ్డం తిప్పితే తాటిచెట్లు కుడి అంచున, కంపచెట్లు ఎడమ అంచున, నడుమ గుట్ట. ఆరు నెలల నుంచి సగం చెరువునే చూస్తున్నానని తెలిసింది. ఎడమపక్కన మత్తడి కూడా పడింది. అది ఫోటోలో ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

పిడికిలితో కొలిచాను. గుట్ట నుంచి పొద్దు దిగిన చోటికి రెండు దాటింది.

తర్వాత ఇంటికి పోకుండా ఆరుంబావు దాకా అక్కడే కూర్చున్నాను. నైట్ మోడ్ లేకుండా రెండోది తీశాను. మొత్తం నలుపు, అడుగున ఒక సన్నటి నీలం గీత, అందులో కట్టమైసమ్మ గుడి బల్బు వెలుగు వణుకుతూ. అక్క అన్నది నిజమే, అది నా టైమే. ఇక రోజుకు రెండు తీస్తాను, ఒకటి పొద్దుది, ఒకటి పాలది. పాత నిలువు ఫోటోలు అట్లనే ఉండనీ.

అబ్బాయి మాత్రం పాలు పోసొచ్చి వెన్న శాతం చీటీ ఎక్కడో పారేసిండు. రేపటి నుంచి వాడిని రాయి మీద నిలబెట్టి నేనే పాలకు పోవాలేమో.