లిమిటెడ్ ఎడిషన్ పెన్ను: పేరు ఒకరిది, పాళీ ఎవరిది?

సిరామరక:
మొన్న నా లిమిటెడ్ ఎడిషన్ పెన్ను కడుగుదామని విప్పాను. ఏ కంపెనీదో చెప్పను. మూత మీద నంబరు చెక్కి, చెక్కపెట్టెలో సర్టిఫికెట్‌తో సహా వచ్చిన పెన్ను. పాళీ ఉన్న గొట్టాన్ని మరలు తిప్పి బయటికి తీశాక పక్కనే ఉన్న నా మామూలు స్టీలు పాళీ పెన్ను కూడా విప్పి చూశాను. రెండింటిలో అదే ఆరో నంబరు సైజు, పాళీకి సిరా అందించే అదే ఫీడ్, అవే మరలు. దాన్ని తీసి దీనిలో బిగిస్తే చక్కగా కూర్చుంది! తేడా అల్లా పాళీ మీద చెక్కిన గుర్తే. పెట్టెలో కాగితం మీద మాత్రం "మా కర్మాగారంలో, మా నిపుణుల చేతుల్లో" అని ఉంది. ఇది మోసం కాదా?

నల్లసిరా:
మోసం అనడం తొందరపాటండీ. పాళీ చేయడం వేరే విద్య. రేకు సాగదీయాలి, ఆకారం కత్తిరించాలి, కొనకు గట్టి లోహపు గుండు అతికించాలి, వంచాలి, సన్నటి చక్రంతో చీలిక కోయాలి, తర్వాత కొన అరగదీయాలి. ఐదువందల పెన్నులు చేసే కంపెనీ ఇందుకోసం యంత్రాలు పెట్టుకోలేదు. అందుకే హైడెల్‌బర్గ్‌లో బాక్, బెర్లిన్‌లో జోవో అనే రెండు కంపెనీలు ఎన్నో బ్రాండ్లకు పాళీలు చేసి ఇస్తున్నాయి. సిరా నింపే కన్వర్టర్ మీద ష్మిట్ అనే ఇంకో జర్మన్ కంపెనీ పేరు చాలా పెన్నుల్లో కనిపిస్తుంది. ఇటలీ పెన్నుల కంపెనీ విస్కొంటి గొప్పగా చెప్పుకున్న 23 క్యారెట్ల పల్లాడియం పాళీలు కూడా బాక్ చేసినవే, సొంత పాళీలకు విస్కొంటి ఆ తర్వాత మారింది. అందరూ చేసేదే ఇది.

గీత:
"అందరూ చేసేదే" అన్నమాట ఒప్పుకోను నల్లసిరా గారూ. మోబ్లాంక్ హాంబర్గ్‌లో తన పాళీలు తనే చేసుకుంటుంది. టురిన్‌లో ఆరోరా కూడా అంతే. జపాన్‌లో పైలట్, సెయిలర్, ప్లాటినం మూడూ సొంతంగానే చేస్తాయి. చేసుకునేవాళ్లు ఉన్నారు, కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒకే మాట రాస్తే కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

అయితే సిరామరక గారూ, బయట కొనడమే తప్పంటే ఏ పెన్నూ మిగలదు. పెన్ను ఒంటికి వాడే ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీలు చాలామంది జర్మనీలో 1871లో మొదలైన న్యూయార్క్ హాంబర్గర్ అనే రబ్బరు కంపెనీ నుంచి తెచ్చుకున్నారు. కడ్డీ బయటిదైనా లేత్ మీద తిప్పి, మెరుగుపెట్టి, మూత మరలు ఒక్క చుట్టులో పడేలా కోసినవాడు పెన్ను చేసినవాడే. వడ్రంగి చెట్టును పెంచడు కదా.

ఎడిషన్‌కు విలువ దేనివల్ల వచ్చిందో అది నిజమై ఉండాలి, నా పట్టుదల అక్కడ. 1965లో పార్కర్ 75 అనే మోడల్‌లో ఒక ఎడిషన్ వచ్చింది, 4821 పెన్నులు. 1715లో మునిగిన స్పెయిన్ ఓడల వెండితో చేశారు. అక్కడ ఆ వెండే ముఖ్యం, పెన్ను లోపలి భాగాలు మామూలు పార్కర్ 75వే అయినా ఎవరూ తప్పుపట్టరు. పైలట్ వాళ్ల నమికి బ్రాండ్ మకీయె (జపాన్ లక్క అలంకరణ) పెన్ను మీద దాన్ని అలంకరించిన కళాకారుడి సంతకం ఉంటుంది. లక్కపూత మీద బంగారు పొడి చల్లి నెలల తరబడి పనిచేసిన మనిషి పేరు పెన్ను మీదే కనిపిస్తుంది. మీ పెన్నులో అలాంటిది ఏదీ లేకుండా, రంగు మార్చి నంబరు వేసి "మా నిపుణులు" అని రాస్తే ఆ మాటకు వాళ్లు జవాబు చెప్పాల్సిందే.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఒక్కడే కూర్చుని లేత్ మీద పెన్నులు చేసే చిన్న తయారీదారులు బాక్ కావాలా, జోవో కావాలా అని మనల్నే అడుగుతారు. వాళ్లకు అందులో సిగ్గేమీ లేదు. ఎక్కువ ధర తీసుకునే పెద్ద పేరుకే ఈ దాపరికం ఎందుకు?

సిరామరక:
నా కోపమూ అదే. ఇంకో సంగతి మొదట రాయలేదు. ఆ పాళీ కాగితానికి గీసుకుంటోంది. భూతద్దంలో చూస్తే చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు కొనల్లో కుడిది కాస్త పైకి లేచి ఉంది. నిపుణుల చేతిలో పుట్టిందన్న పాళీని పెట్టెలో పెట్టేముందు ఎవరూ ఒక్క గీత కూడా గీసి చూడలేదు.

నల్లసిరా:
ఆ విషయంలో మీతో నేనూ ఏకీభవిస్తాను. బాక్‌లోనో జోవోలోనో ఒకే పెట్టెలోంచి తీసిన రెండు పాళీలు ఒకేలా రాయవు. ఒకటి సిరా కక్కుతుంది, ఇంకొకటి మొదటి అక్షరం ఎగ్గొడుతుంది. వాటిని సరిచేసి పంపడమే బ్రాండ్ పని. అది చేయనప్పుడు పాళీ ఎవరిదని మనం వాదించుకోవడం అనవసరం, కంపెనీ తన పని చేయలేదు. "పాళీ ఎవరు చేశారు, మీ దగ్గర ఎవరు సరిచూశారు" అని రెండు ప్రశ్నలు రాసి పంపండి. జవాబు వచ్చేదాకా ఆ కొనను మీరు వంచొద్దు. ఒకసారి చేయి పెడితే వారంటీ చెల్లదంటారు.

గీత:
వాళ్లు మార్చి ఇచ్చే పాళీ చేరాక కూడా భూతద్దంలో చూసి ఇక్కడ రాయండి. ఫీడ్ ఫోటో కూడా పెట్టండి. బాక్, జోవో ఫీడ్ల పక్కన ఉండే సన్నటి గాళ్లు వేరుగా ఉంటాయి, గొట్టం మరలు కూడా ఒకదానివి ఇంకొకదానికి సరిపోవు. ఏ కంపెనీదో ఫోటో చూసి చెప్పొచ్చు.