మూడు గాజుల కిటికీలు పెట్టిస్తే ఇల్లు నిజంగా వెచ్చబడుతుందా?

పాతఇల్లు:

మాది ముప్పై ఏళ్ళ నాటి ఇల్లు. చలికాలంలో హాల్లో థర్మామీటర్ 20 డిగ్రీలు చూపిస్తూనే ఉంటుంది. కిటికీ పక్కన కూర్చునే మా అత్తయ్య మాత్రం శాలువా కప్పుకుని, "గాలొస్తోందే అమ్మాయ్, ఆ కిటికీ మూసెయ్" అంటారు. మూసే ఉంటుంది! నేను లేచి వెళ్ళి, ఉత్తినే గొళ్ళెం నొక్కి వస్తుంటాను.

కిటికీలన్నీ ఒంటి గాజువి, అల్యూమినియం ఫ్రేమువి, పక్కకి జరిపేవి. హాల్లో దానికి మాత్రం మధ్యలో కదలని పెద్ద గాజు ఉంది. పొద్దున లేచేసరికి గాజుల మీద నీళ్ళు కారి కింద చెక్కంతా నల్లబడింది. తుడిచిన గుడ్డ పిండితే నీళ్ళొస్తాయి. వీధి తలుపు గట్టి చెక్కదే, కానీ కింద సందులోంచి వెలుతురు కనిపిస్తుంది.

ఇద్దరిని కొటేషన్ అడిగాం. ఒకాయన రెండు గాజులవి పెడతానని, యూ వాల్యూ 1.1 అన్నాడు. ఇంకొకాయన మూడు గాజులవి, 0.7 అన్నాడు. ధరలో చాలా తేడా ఉంది. మొత్తం ఎనిమిది కిటికీలు, ఒకేసారి మార్చేంత డబ్బు లేదు. ఏది ముందు, ఏది తర్వాత, అసలు మూడో గాజు అవసరమా? అత్తయ్య అయితే "కిటికీకి మూడు గాజులెందుకు, నా చేతికి రెండు వేయించు చాలు" అంటున్నారు.

తడిగాజు:

పాతఇల్లు గారూ, మీ అత్తయ్యగారి మాట కొట్టెయ్యకండి, అందులో విషయం ఉంది. ముందు ఆ యూ వాల్యూ సంగతి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఒక చదరపు మీటరు కిటికీ గుండా ఎన్ని వాట్ల వేడి బయటికి పోతుందో చెప్పే లెక్క అది. ఎంత తక్కువుంటే అంత మంచిది. ఒంటి గాజుకి అది 5.7 దాకా ఉంటుంది.

మీ ఇంట్లో 20, బయట 0 అనుకుందాం. ఒకటిన్నర చదరపు మీటర్ల గాజుకి లెక్కేస్తే ఇప్పుడు 171 వాట్లు పోతున్నాయి. 1.1 పెడితే పోయేది 33. 0.7 పెడితే 21. అంటే ఒంటి గాజు నుంచి మంచి రెండు గాజులకి వెళ్తే 138 వాట్లు మిగులుతాయి, మూడో గాజు దాని మీద ఇంకో 12 మిగులుస్తుంది. నెలల తరబడి గడ్డకట్టే చలి ఉండే చోటయితే ఆ 12కీ విలువుంది. మిగతా చోట్ల నేనైతే ఆ డబ్బుతో ఇంకో కిటికీ మార్చుకుంటాను.

కానీ ఒక మెలిక ఉంది. ఆ 1.1 గాజు మధ్యలో కొలిచిందా, ఫ్రేముతో సహా మొత్తం కిటికీకా? అమ్మేవాళ్ళు సాధారణంగా గాజుది చెప్తారు, ఎందుకంటే అదే తక్కువ అంకె. కొటేషన్ మీద మొత్తం కిటికీ అంకె రాయించుకోండి. అల్యూమినియమే కావాలంటే మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపట్టీ ఉన్న ఫ్రేము, అంటే థర్మల్ బ్రేక్ ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే లోపలి చల్లదనమూ బయటి చల్లదనమూ ఒక్కటే, గాజు ఎంత మంచిదైనా ఫ్రేము మీద నీళ్ళు పడతాయి. గాజుల మధ్య అంచున ఉండే స్పేసర్ కూడా అల్యూమినియం కాకుండా వార్మ్ ఎడ్జ్ రకం అడగండి. లేకపోతే గాజంతా పొడిగా ఉండి చుట్టూ అంచున మాత్రం తడి గీత వస్తుంది.

రెండు గాజులంటే వెచ్చదనం గాజువల్ల కాదు, మధ్యలో కదలకుండా నిలిచిన గాలివల్ల. ఆ ఖాళీ 12 నుంచి 16 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. ఇంకా పెంచితే లోపలి గాలే పైకీ కిందికీ తిరగడం మొదలెడుతుంది. గాలికి బదులు ఆర్గాన్ అనే వాయువు నింపితే ఇంకొంచెం మేలు. అయితే అసలు పని చేసేది లో-ఈ పూత. కంటికి కనిపించనంత పల్చటి లోహపు పొర అది, గదిలోని వేడిని తిప్పి లోపలికే పంపిస్తుంది. అది లేని రెండు గాజుల కిటికీ 2.8 దగ్గరే ఆగిపోతుంది. పెట్టించాక పూత నిజంగా ఉందో లేదో చూడాలంటే రాత్రి లైటు ఆపి లైటర్ వెలిగించి గాజు ముందు పట్టండి. రెండు గాజులకి నాలుగు మంటలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి రంగు తేడాగా ఉంటే పూత ఉన్నట్టే.

ఇక నా గోడు. పడకగదికి మూడు గాజుల కిటికీయే పెట్టించాను. మొదటి చలికాలమే మంచం ఆ వైపు చల్లగా ఉంది. రబ్బర్లు చూశాను, గాజు చూశాను, అన్నీ బాగున్నాయి. విసుగొచ్చి ఒకరోజు ఫ్రేము చుట్టూ అంటించిన పట్టీని పుట్టీ కత్తితో ఊడదీశాను. ఫ్రేముకీ గోడకీ మధ్య నా చూపుడువేలు దూరేంత ఖాళీ! నాలుగు మూలలా నాలుగు ముద్దలు ఫోమ్ కొట్టి పైన అందంగా పట్టీ అంటించేశారు. బిగించినవాళ్ళకి ఫోన్ చేస్తే "చలి కదండీ, కొంచెం ఉంటుంది" అన్నారు. చివరికి తక్కువగా పొంగే రకం ఫోమ్ తెచ్చి నేనే నింపుకున్నాను. ఎక్కువ పొంగేది వాడితే ఫ్రేము వంగి రెక్క పట్టేస్తుంది. అందుకే చెప్తున్నా, పట్టీలు అంటించే ముందు మీరు పక్కనే నిలబడి ఫోమ్ చుట్టూ పూర్తిగా పడిందో లేదో చూడండి.

ఏదీ కొనకముందు ఒక పని చెయ్యండి. గాలి బాగా వీచే రోజున అగరుబత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట, తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ వంగుతుందో ఇక్కడ రాయండి. కర్టెన్లకి దూరంగా!

ఉలిపిడి:

తలుపు గురించి నేను చెప్తా, ఆ పనే నాది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, కింద సందు అర సెంటీమీటరు అనుకుంటే 45 చదరపు సెంటీమీటర్ల కన్నం. గోడకి అంత చిల్లుంటే ఊరుకుంటారా? గట్టి చెక్క తలుపయితే మార్చక్కర్లేదు. కింద బ్రష్ పట్టీ గానీ, తలుపు మూయగానే కిందికి దిగే రబ్బరు గానీ బిగించి, ద్వారబంధం చుట్టూ నొక్కుకునే రబ్బరు వేస్తే చాలావరకు తీరిపోతుంది. తలుపు మూసేటప్పుడు మధ్యలో కాయితం ముక్క పెట్టి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు తగలట్లేదు.

కొత్త కిటికీలు జరిపేవి కాకుండా రెక్క తెరిచేవి తీసుకోండి. జరిపే రెక్కకి కుచ్చు పట్టీ ఒరుసుకుంటుంది తప్ప గట్టిగా నొక్కుకోదు. తెరిచే వాటిలో చాలావాటికి రెక్క అంచున పుట్టగొడుగుల్లాంటి చిన్న పిన్నులుంటాయి. నాలుగైదేళ్ళకి రబ్బరు అణిగి గాలొస్తే, ఆ పిన్నుని అలెన్ కీతో కొంచెం తిప్పితే రెక్క మళ్ళీ బిగుస్తుంది. ఈ మాట ఎవరూ చెప్పరు, రబ్బరు మార్చమంటారు.

పాతఇల్లు:

తిప్పి చూశాం. తలుపు కింద పొగ అడ్డంగా ఎగిరిపోయింది. జరిపే రెక్కలు రెండూ కలిసే చోట లోపలికి వంగింది. విచిత్రం ఏంటంటే, హాల్లో కదలని పెద్ద గాజు అంచుల దగ్గర పొగ నిటారుగానే లేచింది గానీ, గాజు ముందుకి తెస్తే కిందికి జారి అత్తయ్య కాళ్ళ వైపు పాకింది! పొగ ఎక్కడైనా కిందికి పోతుందా?

తడిగాజు:

అదే అత్తయ్యగారు చెప్పే గాలి. బయటి నుంచి రావట్లేదు, మీ హాల్లో గాలే గాజుని తాకి చల్లబడి, బరువెక్కి నేల మీదికి దిగుతోంది. బయట 0 ఉన్నప్పుడు ఒంటి గాజు లోపలి వైపు సుమారు 5 డిగ్రీలు ఉంటుంది. 1.1 గాజు అయితే 17. 20 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే 9 డిగ్రీలకే చెమ్మ పడుతుంది, మీ గుడ్డ తడవడానికి కారణం అదే.

కాబట్టి డబ్బు ముందు ఆ హాలు కిటికీకి పెట్టండి. ఎండ పడే వైపయితే జీ వాల్యూ కూడా అడగండి, ఎండ వేడి ఎంత లోపలికొస్తుందో అది చెప్తుంది. చలికాలంలో అది ఎక్కువుండటమే మంచిది. మూడో గాజు దాన్ని తగ్గిస్తుంది. మిగతా ఏడింటికి ఈ ఏడాది కుచ్చు పట్టీలు మార్చి, లోపల పారదర్శకపు ఫిల్మ్ అంటించి గడిపెయ్యండి. పాత ఫ్రేములోనే రెండు గాజులు దూర్చుతామని ఎవరైనా అంటే ముందు గాడి వెడల్పు కొలవండి, సాధారణంగా పట్టదు.

పొయ్యిపక్క:

ఒక్క ప్రశ్న. ఇంట్లో గ్యాస్ గీజరు గానీ, మంటతో పనిచేసే హీటరు గానీ ఉందా? ఉంటే సందులన్నీ మూసే ముందు దానికి గాలి ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి. గాలి చాలకపోతే మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గాలి కోసం పెట్టిన రంధ్రాన్ని సందు అనుకుని మూసేసినవాళ్ళని చూశాను, అదృష్టం బాగుండి తలనొప్పితో బయటపడ్డారు.

పాతఇల్లు:

హీటరు కరెంటుది, గీజరు మాత్రం గ్యాస్‌ది. దాని రంధ్రం ముట్టుకోం, అలారం కొంటున్నాం. మొత్తం కిటికీకి అంకె రాసివ్వమంటే రెండు గాజులాయన 1.3 అని రాసిచ్చాడు, మూడు గాజులాయన ఫోనెత్తట్లేదు. తలుపు కింద బ్రష్ నిన్ననే బిగించాం. కొత్త గాజు వచ్చేదాకా అత్తయ్య కుర్చీని ఎదురుగోడ వైపు జరిపాను. పొద్దున చూస్తే మళ్ళీ కిటికీ పక్కకే చేరింది. అక్కడి నుంచి వీధి కనిపించట్లేదట.