వేల్స్ రాతి రైతు ఇళ్లలో పొయ్యి కొస గోడకు ఎందుకు చేరింది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కార్డిఫ్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. నగర శివారులోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో, వేల్స్ నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత ఇళ్లను చూసినప్పటి నుంచి ఒక సందేహం వేధిస్తోంది. 1508 నాటి హెండ్రేర్ అవిద్ కర్ర ఇంట్లో పొగగొట్టమే లేదు. నిప్పు గది నడుమ నేల మీదే మండేది. ఉత్తరాన వైన్‌వౌర్ నుంచి తెచ్చిన గారెగ్ వౌర్ రాతి ఇల్లు 1544 నాటిది; దానికి రెండు కొసలా ఎత్తైన పొగగొట్టాలు ఉన్నాయి. కర్రను వదిలి రాయిని పట్టుకోవడం వల్లే ఈ మార్పు వచ్చిందా? అలాగైతే, 1734లో రాతితో తిరిగి కట్టిన కిలెవెంట్ ఇంట్లో మనుషులూ పశువులూ ఇంకా ఒకే కప్పు కింద ఎందుకు ఉన్నారు?

మొదటి జవాబు

మీ సందేహంలోనే కీలకం ఉందండి, కానీ దాన్ని రాయిలో కాక నిప్పులో వెతకాలని నా అభిప్రాయం. గది నడుమ నిప్పు ఉన్నంతకాలం పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచి, తలుపుల్లోంచి, అద్దాలు లేని కిటికీల్లోంచి మెల్లగా పోవాలి. కాబట్టి ఆ గది మీద అంతస్తు వేయడానికి వీల్లేదు, వేస్తే పొగ మనుషుల ముఖం మీదికే వస్తుంది. నిప్పును కొస గోడకు జరిపి, గోడలోనే పొగకు దారి ఇచ్చిన రోజున గది పైభాగం ఖాళీ అయింది. ఆ ఎత్తులో ఓక్ దూలాలు పరిచి పలకలు వేస్తే, పునాది ఒక్క అడుగు కూడా పెరగకుండానే ఇంటికి మేడ గదులు వచ్చాయి.

ఎరిరి కొండల ప్రాంతంలో, అంటే ఇంగ్లీషువారు స్నోడోనియా అనే చోట, 16వ శతాబ్దంలో స్థిరపడిన ఇంటి నమూనా ఇదే. పొడవు గోడలో తలుపు, దానికి సరిగ్గా ఎదురుగా వెనుక గోడలో మరో తలుపు, మధ్యలో అడ్డంగా నడవ. ఒక పక్క పెద్ద పొయ్యి ఉన్న కూర్చునే గది, రెండో పక్క పాలూ సరుకులూ దాచుకునే రెండు చిన్న గదులు. పొయ్యి పక్కన మిగిలిన సందులోనే చాలాసార్లు మెలి తిరిగే రాతి మెట్లు ఇమిడిపోతాయి. రెండో కొసన ఉండే పొగగొట్టం తరచుగా మేడ గది పొయ్యికే. కొండ రైతు ఇంట్లో మేడ మీద కూడా నిప్పు ఉండడమంటే ఊరంతటికీ కనిపించే హోదా.

రాయి మాత్రమే కారణం కాదనడానికి తూర్పున మాంట్‌గోమరీషైర్ వైపు చూడండి. అక్కడ 17వ శతాబ్దపు కర్ర ఇళ్లకూ పొగగొట్టాలు వచ్చాయి. అయితే అవి ఇంటి మధ్యలో, తలుపు తీయగానే ఎదురుగా నిలబడతాయి.

రెండో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, రాయిని అంత తేలిగ్గా పక్కన పెట్టలేను. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఈ గోడ ఒకే ముద్ద కాదు: లోపల ఒక వరస, బయట ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ, రెండు వరసలనూ పట్టి ఉంచే అడ్డరాళ్లు అక్కడక్కడా. మూలల్లోనూ అడుగునా మనిషి ఒంటరిగా కదపలేని బండలు ఉంటాయి. సుమారు మూడడుగుల మందం ఉంది కాబట్టే పొయ్యీ పొగదారీ గోడలో ఇమిడాయి. కప్పును కూడా ఒకసారి తలెత్తి చూడండి: నాపరాతి పలకలు చూరు దగ్గర పెద్దవిగా మొదలై, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ కొప్పును చేరతాయి. గనిలో వచ్చిన ఏ పరిమాణపు పలకనూ పారేయకుండా వాడుకునే పద్ధతి అది.

ఇలాంటి ఇంటికి దయచేసి ఎవరూ సిమెంటు పూయవద్దు. వాన గోడలోకి ఇంకక మానదు. సున్నం ఆ తడిని మళ్లీ బయటికి ఆరనిస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది, గోడలోకి చొచ్చిన దూలాల కొసలు కుళ్లడం అక్కడే మొదలవుతుంది. గానుగ సున్నంతో కట్టిన మన పాత మండువా ఇళ్లకు సిమెంటు మెత్తి పాడుచేస్తున్న తీరూ ఇదే. చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

మూడో జవాబు

కిలెవెంట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఇల్లు మధ్య వేల్స్‌లోని ఎలాన్ లోయది. దాని మూలం 15వ శతాబ్దపు కర్ర ఇల్లు. వంపు తిరిగిన ఓక్ మానుల జతలు నేల నుంచి లేచి పైన కలుసుకుని కప్పు బరువంతా మోసే కట్టడం అది. గోడలు కప్పును మోయవు కనుక, తరవాతి తరాలు వాటిని తీసేసి రాతి గోడలు కట్టుకోగలిగాయి. బయటి రాయిని చూసి వయసు లెక్కగడితే అందుకే పొరపాటు జరుగుతుంది. దూలాల్లోని వృక్ష వలయాలను కొలిచి, చెట్టు నరికిన కాలాన్ని నిర్ధారించే పద్ధతి ఇటువంటి ఇళ్లకు ఎంతో ఉపకరించింది.

పశువుల విషయానికి వస్తే, ఆ కొండ రైతుకు ఆస్తి అంటే పశువులే. చలికాలంలో వాటికి మేత వేయడానికి మంచులోకి వెళ్లనక్కరలేకుండా, ఇలాంటి ఇళ్లను వాలు వెంబడి పొడవుగా కట్టి, మనుషులు ఎగువనా పశువులు దిగువనా ఉండేవారు. పేడనీళ్లు కిందికి పోయేవి. 1544 నాటి ఇంటి కన్నా 190 ఏళ్ల తరవాత తిరిగి కట్టినా ఆ ఏర్పాటు మారలేదంటే అది వెనుకబాటు కాదు, ఆ లోయ బతుకుకు అది సరిపోయింది. కాబట్టి ఈ మూడు ఇళ్లనూ ఒకే వరుసలో పేర్చకండి. ఈసారి వెళ్లినప్పుడు ముందు లోపలికి వెళ్లి, కప్పు బరువు మానుల మీద నేలకు దిగుతోందా, గోడల మీద ఆనుతోందా గమనించండి. గోడల సంగతి ఆ తరవాత చూడవచ్చు.