ఇంజిన్ బేరింగు డ్రాయింగు ఎవరి చేతిలో ఉండాలి?

పెనుకొండ, విడిభాగాల తయారీ:
ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో కార్ల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి మా అనంతపురం వైపు విడిభాగాల పనిలోకి వచ్చినవారు చాలామంది ఉన్నారు. మాలో మాకు తెగని వాదన ఒకటి ఉంది. క్రాంకును (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసును) మోసే బేరింగు షెల్ డ్రాయింగును కార్ల కంపెనీ గీసి ఇస్తే సప్లయరు అలాగే చేసి పెట్టాలా, లేక లోహం, పూత, కొలతలు నిర్ణయించే బాధ్యత సప్లయరే తీసుకోవాలా? సప్లయరే తీసుకోవాలని నా అభిప్రాయం. చూడడానికి అది అరవృత్తంగా వంచిన రేకు ముక్కే గానీ, ఉక్కు వీపు మీద అల్యూమినియం–తగరం మిశ్రమమో రాగి మిశ్రమమో అతికి ఉంటుంది. భారం ఎక్కువ మోసే రకాలకు దానిపైన పది ఇరవై మైక్రాన్ల పూత కూడా ఉంటుంది. ఆ పూత ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు లేచిపోతుందో దాన్ని రోజూ పూసేవాడికే బాగా తెలుసు. ఐరోపా సమాఖ్య 2011 జూలై తరువాత కొత్త వాహనాల ఇంజిన్ బేరింగుల్లో సీసం వద్దన్నప్పుడు, బదులుగా బిస్మత్, పాలిమర్ పూతలపై కష్టపడింది బేరింగు తయారీదారులే.

అనంతపురం, ఇంజిన్ టెస్టింగ్:
మిత్రమా, పూత విషయంలో మీతో ఏకీభవిస్తాను, మిగతాదానితో కాదు. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు (బేరింగులో తిరిగే క్రాంకు భాగానికి) ఆయిల్ నిలిచే ఖాళీ సుమారు 0.05 మిల్లీమీటర్లు. క్రాంకు ఎంత వంగుతుంది, బోల్టులు బిగించాక బ్లాకు రంధ్రం ఎంత సాగుతుంది, పంపు ఎంత ఆయిల్ తోస్తుంది అన్నవన్నీ ఆ ఖాళీని మారుస్తాయి. అవేవీ సప్లయరు చేతిలో లేవు. పైగా మైలేజీ కోసం 0డబ్ల్యు–20 వంటి పలచని ఆయిల్ పోస్తున్నారు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు పెడుతున్నారు. క్రాంకు తిరగడం మొదలైన ఆ క్షణంలో ఆయిల్ పొర ఇంకా నిలబడదు, లోహం లోహాన్ని రాస్తుంది. ఆ నిర్ణయాలు తీసుకున్నవారే జవాబుదారీ కావాలి.

అనంతపురం, క్రాంకు గ్రైండింగ్ షాపు:
అయ్యా, మా బల్ల మీదికి వచ్చేది పాడైపోయిన షెల్. మొన్న ఒక వ్యానులో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) షెల్ తీసి చూస్తే లోపలి వైపు దాదాపు బాగానే ఉంది. వీపు మీద మాత్రం అక్కడక్కడా నల్లటి మచ్చలు, వాటి పక్కనే అద్దంలా మెరిసే చోట్లు. అంటే షెల్ రాడ్‌లో గట్టిగా కూర్చోక కదులుతోందన్నమాట. బండి అమ్మినవారు ఆయిల్ సరిగా మార్చలేదన్నారు, బేరింగు అమ్మినవారు ఇంజిన్ తప్పన్నారు. ఆ షెల్‌ను చేతిలోకి తీసుకొని తిప్పి చూసినవారు ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఖర్చు వ్యాను యజమాని మీదే పడింది.

పెనుకొండ, విడిభాగాల తయారీ:
అన్నగారు చెప్పిన షెల్ నా వాదనను సగం మార్చింది. షెల్ చుట్టుకొలతను సగం రంధ్రం కంటే కాస్త ఎక్కువగా ఉంచుతాం. బోల్టు బిగించినప్పుడు ఆ ఎక్కువే దాన్ని రంధ్రానికి అదిమి కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఎక్కువ వల్ల అంచు పైకి వచ్చే ఎత్తును మేము గేజి బ్లాకులో (కొలత అచ్చులో) భారం పెట్టి కొలుస్తాం, రంధ్రాన్ని కార్ల కంపెనీ కొలుస్తుంది, ఒకరి అంకెలు ఒకరికి చేరకపోతే రెండూ హద్దుల్లోనే ఉన్నా షెల్ వదులుగా కూర్చోవచ్చు. కాబట్టి లోహం, పూత సప్లయరుకు వదిలి, ఖాళీనీ ఈ ఎత్తునూ ఇద్దరూ కలిసి ఒకే డ్రాయింగు మీద నిర్ణయించాలంటాను. అయితే ఆయిల్ గ్రేడు మార్చదలచుకున్న కంపెనీ మాత్రం బేరింగు పరీక్షను తన ఖర్చుతో మళ్ళీ చేయించాలన్న మాటను నేను వదులుకోను.

అన్నగారూ, ఆ షెల్ ఇంకా మీ దగ్గరుంటే రెండు సగాలు కలిసే అంచుల ఫోటో పెట్టగలరా? దానికి ముందు ఆ బోల్టులను బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించారో, చేతి అంచనాతో బిగించారో కూడా యజమానిని అడిగి చెప్పండి.