మడ అడవికి రేటు కట్టాలా, వద్దా?

తాళ్లరేవు కుర్రాడు:
పోయిన నెల మా ఊరికి సర్వే వాళ్లు వచ్చారు. కోరంగి మడ అడవుల వల్ల జనానికి ఎంత మేలో రూపాయల్లో తేలుస్తారట. మా అమ్మ అప్పుడే ఏటి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని పీతల డెక్కలకు తాడు కడుతోంది. మండపీత డెక్కకి వేలు దొరికిందంటే అంతే సంగతులు, అందుకని కాలితో తొక్కిపట్టి, వెనక నుంచి చెయ్యి పోనిచ్చి కట్టాలి. ఆ పనిలో ఉండగానే అడిగారు, "ఈ అడవి ఇలాగే ఉండాలంటే ఏడాదికి మీరు ఎంత ఇవ్వగలరమ్మా?" అని. అమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగితే "యాభై రూపాయలు రాసుకోండి బాబూ" అంది. రాసుకుని వెళ్లిపోయారు. మేం ముగ్గురం చదువుకున్నది ఆ పీతల డబ్బుతోనే, ఆ కాగితంలో మాత్రం మా ఇంటి తరఫున అడవి విలువ యాభై. అసలు ఇలాంటివాటికి రేటు కట్టడమే తప్పు అంటాను నేను. మీరేమంటారు?

లెక్కల మాస్టారు (అమలాపురం):
బాబూ, తప్పు లెక్క కట్టడంలో లేదు, అడిగిన తీరులో ఉంది. "ఉంచుకోడానికి ఎంత ఇస్తావు" అంటే మనిషి తన జేబు చూసుకుని చెబుతాడు. "వదులుకోడానికి ఎంత తీసుకుంటావు" అని అడిగితే మీ అమ్మగారు అసలు అంకె చెప్పేవారు కాదేమో. ఈ రెండు జవాబులకీ పొంతన ఉండదని ఆర్థికవేత్తలకు ఎప్పటి నుంచో తెలుసు. కానీ రేటు కట్టకపోతే ఏమవుతుందో కూడా చూడు. ఫైల్లో అడవి తీసేసి కట్టే ప్రాజెక్టు పేరుకి ఎదురుగా కోట్ల లాభం రాసి ఉంటుంది, అడవి పేరుకి ఎదురుగా ఖాళీ ఉంటుంది, ఖాళీ అంటే సున్నా కిందే లెక్క. 1997లో కోస్టాంజా అనే ఆర్థికవేత్త బృందం ప్రపంచమంతా ప్రకృతి చేసే మేలు ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేసింది, అప్పటి దేశాలన్నిటి ఉత్పత్తి కలిపినా అంత లేదు. ఆ అంకె మీద చాలా విమర్శలు వచ్చాయి, నిజమే, అయినా అప్పటిదాకా ఈ మాట ఎత్తనివాళ్లు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. మన పక్కన ఒడిశాలో 1999 పెను తుపాను తర్వాత భితర్‌కనిక దగ్గర ఊళ్లలో నష్టం లెక్కవేశారు. మడ అడవి అడ్డున్న ఊళ్లో ఇంటికి సుమారు 33 డాలర్లు పోతే, మడ అడవి లేక కరకట్ట మాత్రమే ఉన్న ఊళ్లో 150 దాటింది. ఇలాంటి లెక్క చేతిలో లేకుండా కలెక్టరాఫీసుకి వెళ్లి ఏం చెబుతాం?

రొయ్యల చెరువు (ఐ.పోలవరం మండలం):
నాకు మూడెకరాల చెరువు ఉంది, దాచుకోను. అడవి కొట్టి తవ్వింది కాదు, తాతల నాటి వరి చేను, ఉప్పెక్కిపోయి పంట రాక మార్చాం. రొయ్య పిల్ల పెరిగేది మడ వేళ్ల సందులోనే అని నాకూ తెలుసండి, పిల్లని పుట్టించి అమ్మే హేచరీలు రాక ముందు మేం పిల్ల తెచ్చుకుంది ఆ ఏటి పాయల నుంచే. అడవి వల్ల ఊరంతటికీ మేలు ఉందంటే ఆ మేలుకి ఖరీదు కట్టండి, కట్టి, దాన్ని కాపాడే ఊరికి ఇవ్వండి. ఊరికే "కాపాడండి" అంటే కడుపు నిండదు కదా.

కొబ్బరి రైతు (అంబాజీపేట):
మాస్టారూ, మీ లెక్క ఏ ఫైల్లోకి వెళ్తుందో కూడా చెప్పాలి. మన దేశంలో అడవికి రేటు ఎప్పుడో కట్టేశారు. అడవి భూమిని వేరే పనికి తీసుకుంటే నికర ప్రస్తుత విలువ అని, అంటే ఆ అడవి ఇకముందు చేసే మేలుకి ఇవాళ్టి ధర అని, ఒకటి కట్టాలి. 2008లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన రేట్లు హెక్టారుకి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా. తర్వాత పెంచారు, సరే. కానీ అప్పటి గరిష్ఠ రేటు తీసుకున్నా ఎకరానికి నాలుగు లక్షల పైచిలుకు! మా వైపు ఎకరం కొబ్బరితోట ఆ డబ్బుకి ఎవరైనా ఇస్తారా? తుపాను ఆపేది, చేపల్ని పెంచేది, ఒండ్రుని పట్టి ఉంచేది మా తోట కంటే చవక ఎలా అయింది? ఇక్కడ రేటు అడవిని కాపాడలేదండి, చెల్లించేసి నరకడానికి దారి చూపించింది. డబ్బు కట్టాం, మొక్కలు ఇంకెక్కడో నాటిస్తాం అంటారు. కోరంగిలో కొట్టేసిన మడకి బదులు ఎక్కడో మెట్టలో టేకు నాటితే మన ఊళ్లకి గాలి ఆగుతుందా?

భైరవపాలెం ఆడపడుచు:
అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్పారు. నేను చూసింది చెబుతాను. తుపాను వచ్చిన 1996 నవంబరు 6 రాత్రి నాకు పదకొండేళ్లు. వేటకి వెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. జిల్లాలో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. మా నాన్న చెట్టుకి తనని తాను తాడుతో కట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు, ఆ చెట్టు నల్లమడ. ఆ చెట్టుకి ఎంత కడతారు?
ఇంకోటి. కొన్నేళ్ల క్రితం సముద్రంలో తవ్వకాల వల్ల వేట దెబ్బతిందని మా వైపు పరిహారం ఇచ్చారు. పడవ ఉన్నవాళ్ల పేర్లు, వేట కార్డు ఉన్నవాళ్ల పేర్లు రాశారు. మోకాళ్ల లోతు బురదలో చేత్తో పీతలు, గుల్లలు ఏరే ఆడవాళ్లం ఏ లిస్టులోనూ లేం. మాకు పడవ లేదు, రసీదు లేదు. అడిగితే "మీది వేట కాదమ్మా" అన్నారు. రేటు కట్టేవాళ్లకి కాగితం ఉన్నదే కనబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

లెక్కల మాస్టారు:
అమ్మా, మీ మాట చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీరు చెప్పింది చిన్న విషయం కాదు. ప్రకృతి మేలుని డబ్బులో లెక్కకట్టడం మీద పవన్ సుఖ్‌దేవ్ నడిపిన టీబ్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో దీన్నే "పేదల జీడీపీ" అన్నారు. మన దేశంలో ప్రకృతి మీద నేరుగా ఆధారపడిన పేదల ఆదాయంలో 47 శాతం అక్కడి నుంచే వస్తుందని వాళ్ల అంచనా. మొత్తం దేశం జీడీపీలో చూస్తే అంత కనబడదు. అంటే ఎవరి ఇంటి నుంచి చూసి కొలిచాం అన్నదాన్ని బట్టి అడవి చిన్నదో పెద్దదో అవుతుంది. కొబ్బరి రైతు గారి మాట కూడా ఒప్పుకుంటున్నాను. నష్టం ఎంతో చూపించే లెక్క వేరు, అమ్మకానికి పెట్టే ధర వేరు. మొదటిది ఉండాలి అంటాను. రెండోది మడ అడవి విషయంలో ఉండకూడదు, ఎంత కట్టినా నరకనివ్వకూడదు.

రొయ్యల చెరువు:
అమ్మకం వద్దు, ఒప్పుకున్నా. కాపాడినవాళ్లకి ఇచ్చేదాని సంగతి మాత్రం వదలకండి. గతంలో మన వైపు పాడైన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి వెళ్లేలా చేసి మళ్లీ మొక్కలు పెంచారు, ఊరి కమిటీలు ఆ పని చేశాయి. కాలువలో పూడిక తీయకపోతే నీరు నిలిచి, ఉప్పు పేరుకుని మొక్క చచ్చిపోతుంది. ఆ పూడిక తీసే కూలీ ఎవరిస్తారు? మీరు లెక్క కట్టినా కట్టకపోయినా ఆ కూలీ మాత్రం రూపాయల్లోనే ఇవ్వాలి కదండి.

తాళ్లరేవు కుర్రాడు:
మాస్టారూ, మీ మాట మీద నిన్న సాయంత్రం అమ్మని రెండో ప్రశ్న అడిగాను. "అడవి మొత్తం తీసేస్తాం, నీకు ఎంత కావాలి" అని. గంపలో పీతలకి తడి గోనె కప్పుతోంది. తల ఎత్తి, "తీసేశాక నేను ఎక్కడికి వెళ్లాల్రా?" అంది. సర్వే వాళ్ల నంబరు నా దగ్గర ఉంది, రేపు ఫోన్ చేసి ఆ యాభై కొట్టేసి ఈ మాట రాసుకోమంటాను. అంకెల గడిలో పట్టదంటే పక్కన రాయమంటాను. భైరవపాలెం అక్కా, గుల్లలు ఏరే వాళ్ల పేర్లు మీరు రాసి పంపితే అవీ వాళ్లకి చేరుస్తాను.